ఘాటైన సిగార్‌ను రుచి చూడడం, విలువ కట్టడం: సమగ్ర మార్గదర్శి

ఘాటైన సిగార్ కాల్చిన వ్యక్తిని అది ఎలా ఉందని అడిగితే, "బాగా ఘాటుగా ఉంది" అన్న మాటతోనే చాలాసార్లు సమాధానం ముగిసిపోతుంది. ఆ మాట అబద్ధం కాదు గానీ, అది సిగార్ రుచి గురించి చెప్పిన మాట కాదు; అందులోని నికోటిన్ ఒంటి మీద చూపిన ప్రభావం గురించి చెప్పిన మాట. తేలికపాటి సిగార్ దగ్గర ఈ చిక్కు అంతగా రాదు. ఘాటు సిగార్ దగ్గర మాత్రం మిరియపు మంట, గొంతులో గరగర, తలలో సన్నటి తిరుగుడు మూడూ ఒక్కసారిగా ముందుకు వచ్చి, వెనుకనున్న కోకో, తోలు, దేవదారు, ఎండుపండ్ల ఛాయలను కప్పేస్తాయి. ఆ తెర వెనక్కి చూడడం, చూసినదాన్ని మరొకరికి అర్థమయ్యేలా రాసుకోవడం, చివరకు దానికి ఒక విలువ కట్టడం ఎలాగో కింద వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా మూడింటిని విడదీయాలి

సిగార్ గురించి మాట్లాడేటప్పుడు ఘాటు, నిండుదనం, రుచి అనే మూడు మాటలను ఒకదాని బదులు మరొకటి వాడేయడం పరిపాటి. ఈ మూడూ వేర్వేరు. ఘాటు అంటే నికోటిన్ మోతాదు. దాన్ని కొలిచేది నాలుక కాదు, ఒళ్లు. నుదుట సన్నగా చెమట పట్టడం, పొట్టలో బరువు, గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం దాని గుర్తులు. నిండుదనం అంటే పొగకు నోట్లో ఉండే బరువు, చిక్కదనం. నీళ్లకూ చిక్కటి పాలకూ మధ్య నోటికి తెలిసే తేడా లాంటిది. రుచి అంటే ఆ పొగ మోసుకొచ్చే ఛాయలు, వాటి తీవ్రత. నికోటిన్ దండిగా ఉండి రుచి పలచగా ఉన్న సిగార్లు ఉన్నాయి. రుచి దట్టంగా ఉండి, పూర్తిగా కాల్చాక కూడా ఒంటికి ఏమీ తెలియని సిగార్లూ ఉన్నాయి. కాబట్టి పుస్తకంలో మూడింటికి మూడు గీతలు గీసుకుని, ఏది ఎంతుందో విడివిడిగా నమోదు చేయడంతోనే విలువ కట్టడం మొదలవుతుంది.

ఘాటు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఈ విభజన సులువవుతుంది. పొగాకు మొక్క అడుగున ఉండే వొలాడో ఆకులు పలచన, చక్కగా మండుతాయి, రుచి తక్కువ. నడుమ వచ్చే సెకో ఆకులు ప్రధానంగా సువాసనను ఇస్తాయి. ఆ పైన వచ్చేవి వీసో, ఇంకా పైన ఎండను నేరుగా తాగుతూ ఎదిగేవి లిహేరో. లిహేరో అనే స్పానిష్ మాటకు అర్థం 'తేలికైనది' అని. ఘాటుకు మూలమైన ఆకుకు ఆ పేరు ఎలా స్థిరపడిందో గానీ, కొత్తవారిని అది తప్పుదోవ పట్టించక మానదు. ఈ ఆకు మందంగా, జిడ్డుగా ఉంటుంది, నెమ్మదిగా మండుతుంది, నికోటిన్ ఎక్కువ. అందుకే చుట్టేవారు దాన్ని సిగార్ నడిబొడ్డున పెట్టి చుట్టూ త్వరగా మండే ఆకులను అమరుస్తారు. కొన్ని మొక్కలకు మాత్రమే చిట్టచివర రెండు చిన్న ఆకులు వస్తాయి. వాటిని మెదియో తియెంపో అంటారు. 2010లో వచ్చిన కోహీబా బెహీకే అనే క్యూబా సిగార్ల వరుసకు పేరు తెచ్చింది ఆ ఆకే.

రంగును బట్టి ఘాటును ఊహించే అలవాటును ఇక్కడే వదిలేయాలి. పైపొర ఆకు నల్లగా మెరుస్తుంటే సిగార్ ఘాటుగా ఉంటుందన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. మదూరో అనే ఆ ముదురు రంగు ఆకును ఎక్కువకాలం, ఎక్కువ వేడిలో మగ్గబెట్టడం వల్ల వస్తుంది. ఆ క్రమంలో ఆకు కరకుదనం తగ్గి తీపి వైపు మొగ్గుతుంది. కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్ అనే పొగాకు రకపు నల్లటి పైపొరతో మెత్తటి సిగార్లు ఉన్నాయి, గోధుమ రంగు పైపొర కింద లిహేరోను దట్టించిన సిగార్లూ ఉన్నాయి. లోపలి మిశ్రమం ఏమిటన్నదే ఘాటును చాలావరకు నిర్ణయిస్తుంది.

ఏ సిగార్, ఏ పరిమాణం, ఎంత పదును

రుచి నేర్చుకోవడానికి రొబుస్తో పరిమాణం అనువైనదని నా అభిప్రాయం. పొడవు దాదాపు 5 అంగుళాలు, రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతులు కాబట్టి, 50 గేజ్ అంటే వ్యాసం దాదాపు 20 మిల్లీమీటర్లు. ముప్పావు గంట నుంచి గంటకు పైగా సాగుతుంది. మార్పులు గమనించడానికి ఆ సమయం చాలు, నికోటిన్ మితిమీరి పేరుకుపోయేటంత పెద్దదీ కాదు. 60 గేజ్ లావు సిగార్లలో లోపలి ఆకుతో పోలిస్తే పైపొర వాటా తగ్గుతుంది కనుక పైపొర రుచి పలచబడుతుంది. విలువ కట్టే పనికి అవి అంతగా అక్కరకు రావు.

ఘాటు కోవలో పేరున్న వాటితో మొదలుపెట్టడం మేలు. నికరాగ్వాలోని ఎస్తెలీ పట్టణంలో 1968లో పుట్టిన హోయా దె నికరాగ్వా సంస్థ ఆంతాన్యో 1970, క్యూబా నుంచి బొలీవార్ బెలికోసోస్ ఫీనోస్, డొమినికన్ రిపబ్లిక్ నుంచి లా ఫ్లోర్ డొమినికానా డబుల్ లిహేరో ఈ కోవకు చెందినవి. ఎస్తెలీ నల్లమట్టిలో పండిన ఆకుకు కారం, ఘాటు ఎక్కువ. అదే దేశంలో ఉత్తరాన ఉన్న హలాపా లోయ ఆకు మెత్తగా, తీపిగా ఉంటుంది. ఒకే దేశపు సిగార్లయినా రెండింటి మధ్య తేడా ఇంత ఎందుకు ఉందని ఎప్పుడైనా అనిపిస్తే, సమాధానం చాలాసార్లు మట్టిలోనే దొరుకుతుంది. ఏది ఎంచుకున్నా, అదే పెట్టెలోంచి కనీసం రెండు తీసుకోండి. చేతితో చుట్టిన వస్తువు గనుక ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఆకు పదును సరిగ్గా లేకపోతే మిగిలిన శ్రమంతా వృథా. నిల్వ పెట్టెలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య, ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉండాలి. లిహేరో ఎక్కువగా ఉన్న సిగార్‌కు నేను 65 వైపే మొగ్గుతాను, ఎందుకంటే మందపాటి ఆకు తేమ ఎక్కువైతే సరిగా మండదు, పొగ బరువెక్కి చేదుగా మారుతుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పగిలి పురుగులు బయటికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చిన సిగార్‌ను వెంటనే అంటించకుండా రెండు వారాలైనా పెట్టెలో ఉంచాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కితే కాస్త లొంగి మళ్లీ పైకి లేవాలి. చిటపట చప్పుడు వచ్చిందంటే ఎండిపోయినట్టు. నొక్కిన చోట సొట్ట అలాగే మిగిలిపోతే తేమ ఎక్కువైనట్టు.

మీ ఒళ్లు కూడా కొలమానమే

సిగార్ పొగ క్షారగుణం కలది. సిగరెట్ పొగకు భిన్నంగా, దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా, అందులోని నికోటిన్ నోటి లోపలి పొరల గుండానే రక్తంలో కలుస్తుంది. ఒక పెద్ద సిగార్‌లో ఉండే పొగాకు దాదాపు ఒక సిగరెట్ పెట్టెలోని పొగాకుకు సమానం కావచ్చు. పొగను లోపలికి పీల్చకపోవడం వల్ల హాని లేదనుకోవడం పొరపాటు: సిగార్ వల్ల నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వస్తాయని నిర్ధారణ అయింది, అలవాటుగా మారే గుణమూ నికోటిన్‌కు ఉంది. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, ఈడు రానివారు దీని జోలికి పోకూడదు. తెలిసీ కాల్చే పెద్దవారు దీన్ని దినచర్యగా కాక, అరుదుగా శ్రద్ధతో చేసే పనిగా ఉంచుకోవడం మంచిది. రుచి తెలియడానికి కూడా అదే అక్కరకు వస్తుంది, ఎందుకంటే రోజూ కాల్చే నోటికి ఘాటు ఆనదు. ఘాటు ఆననివాడు ఘాటును కొలవలేడు.

కడుపు నిండా తిన్న గంటకు కూర్చోవాలి. ఖాళీ కడుపుతో ఘాటు సిగార్ జోలికి వెళ్లకూడదన్నది నేను నా తప్పు వల్ల నేర్చుకున్న పాఠం. తొలినాళ్లలో ఒకసారి ఉదయం నుంచి ఏమీ తినకుండా మధ్యాహ్నం ఒక లావుపాటి నికరాగ్వా సిగార్ అంటించాను. సగానికి వచ్చేసరికి అరచేతులు చల్లబడ్డాయి, నోట్లో నీళ్లూరాయి, గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది. ఆ పూట పుస్తకంలో దానికి 100కు 71 మార్కులు వేసి, 'మోటు, కరకు' అని రాశాను. కొన్ని నెలల తరవాత అదే పెట్టెలోంచి ఇంకొకటి భోజనం తరవాత నింపాదిగా కాల్చితే, రెండో భాగమంతా వేయించిన కాఫీ గింజ, ఎండు అంజూర ఛాయలతో నిండి ఉంది. ఆ 71 సిగార్ మార్కు కాదు, నా ఖాళీ కడుపు మార్కు. పాత అంకెను కొట్టేయకుండా పక్కనే కొత్తది రాసి ఉంచాను.

మిగిలినవి చిన్న విషయాలే. గాలి విసురుగా వీచే చోట కూర్చోవద్దు, ఆ రోజు అత్తరు పూసుకోవద్దు, పక్కన మంచినీళ్లు ఉంచుకోండి. మద్యం, చిక్కటి కాఫీ సరదాగా కాల్చేటప్పటి సంగతి. విలువ కట్టేటప్పుడు అవి నాలుకను పక్కకు లాగుతాయి.

అంటించక ముందే తెలిసే సంగతులు

సిగార్‌ను వెలుతురులో ఒక చుట్టు తిప్పి చూడండి. పైపొర మీద సన్నటి నూనె మెరుపు, ఒకే తీరు రంగు, లావుగా పొడుచుకు రాని ఈనెలు, ఆకు అంచులు కలిసిన చోట గట్టి అతుకు ఉండాలి. నోటి కొసన ఉండే క్యాప్ వలయాలు వలయాలుగా నీటుగా అమరి ఉంటే, చుట్టిన చేతికి అనుభవం ఉన్నట్టే. తరవాత కొస నుంచి కొస వరకు వేళ్లతో మెల్లగా నొక్కుతూ రండి. ఒకచోట గట్టి ముడి తగిలితే అక్కడ పొగ ఆగుతుంది; ఒకచోట గుల్లగా తగిలితే అక్కడ వేడెక్కి త్వరగా కాలుతుంది. ఆ చోటు ఎక్కడుందో ఇప్పుడే రాసుకుంటే, కాల్చేటప్పుడు ఆ చోటుకు వచ్చినప్పుడు రుచి ఎందుకు మారిందో అర్థమవుతుంది.

వాసనను రెండు చోట్ల విడివిడిగా చూడాలి. పైపొర మీద ముక్కు పెడితే తోలు, ఎండుగడ్డి, పెంటకుప్ప లాంటి వాసనలు రావచ్చు. మగ్గిన ఆకుకు ఇవి సహజమే, తప్పుగా లెక్కించకండి. అంటించే కొసన ముక్కు పెడితే లోపలి ఆకుల సంగతి తెలుస్తుంది: ఎండుద్రాక్ష, కోకో, మిరియాలు, కొన్నిసార్లు ముక్కు జలదరించి తుమ్ము కూడా రావచ్చు. ముక్కును పొడిచే అమ్మోనియా వాసన వస్తే మాత్రం ఆకు ఇంకా పూర్తిగా మగ్గలేదని అర్థం. లిహేరోకు మిగిలిన ఆకుల కంటే ఎక్కువకాలం మగ్గడం కావాలి. తొందరపడి చుట్టిన సిగార్లలో ఈ లోపం కనబడుతుంది. అలాంటిదాన్ని కొన్ని నెలలు పక్కన పెట్టడమే మార్గం. అదే కొసను కాస్త దగ్గరగా చూస్తే మడిచిన ఆకుల అంచులు చుట్టలు చుట్టలుగా కనబడతాయి; నడిమధ్యన మిగతావాటి కంటే ముదురుగా, మందంగా ఉన్న మడత ఉందంటే అది చాలావరకు లిహేరోయే.

నోటి కొసను కత్తిరించేటప్పుడు క్యాప్ వంపు తిరిగే చోటు కంటే పైనే, రెండు మిల్లీమీటర్లకు మించకుండా కోయాలి. కిందికి కోస్తే పైపొర విడిపోతుంది. ఘాటు సిగార్‌కు నేను రెండంచుల నేరు కట్టర్‌నే వాడతాను. పంచ్‌తో చేసిన చిన్న రంధ్రంలోంచి వచ్చే పొగ నాలుక మీద ఒకే చోట తగిలి కారాన్ని పెంచుతుంది. కోశాక, అంటించకుండానే రెండుసార్లు గాలి లాగి చూడండి. మందపాటి స్ట్రాలోంచి లాగినంత తేలికపాటి ఒత్తిడి ఉండాలి. పెదవుల మీద చురుకు, నాలుక చివర తీపి, ఎండుగడ్డి రుచి, ఏది తగిలినా రాసుకోండి. చురుకు ఇప్పుడే తగిలితే తొలి దమ్ములకు సిద్ధంగా ఉండవచ్చు.

అంటించడం

బ్యూటేన్ లైటర్ లేదా పొడవాటి అగ్గిపుల్ల వాడాలి. పెట్రోలు లైటర్, కొవ్వొత్తి తమ వాసనను ఆకులోకి ఎక్కిస్తాయి. సిగార్‌ను నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఏటవాలుగా పట్టుకుని, మంట తగలకుండా దాని పైనున్న వేడి మాత్రమే తగిలేలా కొసను నెమ్మదిగా తిప్పాలి. ముందు అంచు నల్లబడుతుంది, తరవాత బూడిద రంగు వలయం ఏర్పడి, అక్కడక్కడ ఎర్రటి చుక్కలు వెలుగుతాయి. అప్పుడు మెల్లగా ఊదితే వెలగని భాగం నల్లటి మచ్చగా తెలుస్తుంది. అక్కడికి ఇంకాస్త వేడి అందించి, ఆ తరవాతే తొలి దమ్ము లాగాలి. ఈ పనికి ఒక నిమిషం పడుతుంది. మందపాటి లిహేరో నడుమ ఉండడం వల్ల ఘాటు సిగార్లలో అంచు ముందు మండి నడుమ వెనుకబడడం మామూలు; తొందరపడితే ఒక పక్కకు కాలుతూ పోతుంది.

మొదటి భాగం: కారాన్ని దాటడం

సిగార్‌ను మనసులో మూడు సమభాగాలుగా విభజించుకోండి. తొలి ఐదు నిమిషాల్లో ఏ తీర్పూ రాయవద్దు. ఈ కోవ సిగార్లలో చాలావాటికి మొదటి పది దమ్ములు మిరియాల దాడిలా ఉంటాయి, తయారీదారులు కావాలనే అలా కూర్చినవీ ఉన్నాయి. ఆ దాడి తగ్గాక నోట్లో ఏం మిగిలిందో చూడాలి.

పొగను నోటినిండా తీసుకుని, రెండు మూడు క్షణాలు పుక్కిలించినట్టు నాలుక మీద, దవడల పక్కన, అంగిలి మీద తిప్పి వదలాలి. వదిలాక పెదవులు మూసి నోట్లో మిగిలిన రుచిని గమనించాలి. ఛాయలు చాలావరకు అప్పుడే బయటపడతాయి. దమ్ముకూ దమ్ముకూ మధ్య నిమిషం దాకా విరామం ఉండాలి. త్వరత్వరగా లాగితే నిప్పు వేడెక్కి, ఆకులోని తీపి మాడి, చేదు, వగరు మాత్రమే మిగులుతాయి. 'ఈ సిగార్ కరకుగా ఉంది' అని రాసే ముందు మీరు ఎంత వేగంగా లాగుతున్నారో గడియారం చూసుకోండి. సిగార్‌ను చేత్తో పట్టుకుంటే నిప్పు వైపు భాగం వెచ్చగా తెలియాలి, కాలకూడదు.

ఇక ముక్కు సంగతి. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి లాంటి కొన్ని రుచులే. కోకో, దేవదారు, దాల్చిన చెక్క అని మనం పేర్లు పెట్టేవన్నీ ముక్కు గుర్తించే సువాసనలు. అందుకే పొగను ముక్కు గుండా వదలడం విలువ కట్టడంలో ముఖ్యమైన మెట్టు. ఘాటు సిగార్‌తో దీన్ని మామూలు పద్ధతిలో చేస్తే నషాళానికి అంటి, కళ్లలో నీళ్లు తిరిగి, ఆ తరవాత పావుగంట దాకా ఏ వాసనా తెలియదు. చేయవలసిన తీరు ఇది: నోటినిండా పొగ తీసుకుని ముప్పాతిక వంతుకు పైగా నోటి గుండానే వదిలేయండి, నోరు మూసి, ఊపిరి లోపలికి తీసుకోకుండా, గుటక వేయబోయినట్టు గొంతును కదిలిస్తూ మిగిలిన కొద్దిపాటి పొగను ముక్కు గుండా మెల్లగా పోనివ్వండి. మొదట్లో దగ్గు వస్తుంది, పొలమారుతుంది కూడా. నాకు కుదరడానికి ఆరేడు సిగార్లు పట్టింది. ఒక్కో భాగంలో మూడు నాలుగుసార్లకు మించి చేయనవసరం లేదు.

ఆ సమయంలో రెండు రకాల మంటలను విడదీసి చూడాలి. మిరియపు మంట చురుక్కున తగిలి, రెండు క్షణాల్లో కరిగిపోయి, వెనుక ఒక సువాసనను వదులుతుంది. పచ్చి ఆకు మంట గొంతు వెనుక పట్టుకుని వదలదు, వెనుక ఏమీ మిగల్చదు, పైగా నీళ్లు తాగాలనిపిస్తుంది. మొదటిది మిశ్రమం కూర్చినవారి నేర్పు, రెండోది మగ్గబెట్టడంలో లోపం. కొత్తవారు రెండింటినీ 'కారం' అనే ఒక్క మాటతో రాసేస్తారు. ఈ తేడా తెలిసిన రోజు నుంచి మీ నోట్స్‌కు విలువ వస్తుంది.

మధ్య భాగం: అసలు పరీక్ష

మిశ్రమం బాగుందో లేదో తేల్చేది ఈ భాగమే. మిరియం వెనక్కి తగ్గాలి, దాని స్థానంలో ఇంకేదో రావాలి. ఏమీ రాకపోతే ఆ సిగార్‌కు ఘాటు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదన్నమాట. రాసేటప్పుడు విశేషణాల కంటే వస్తువుల పేర్లు వాడండి. 'అద్భుతం', 'గంభీరం' అని రాసుకుంటే ఆరునెలల తరవాత చదివినప్పుడు మీకే ఏమీ గుర్తుకు రాదు. నా పుస్తకంలోంచి ఒక రొబుస్తో గురించిన గీతలు ఇవి:

"6వ నిమిషం: నల్ల మిరియం, పెదవి మీద ఉప్పు. ముక్కులో ఎర్ర మిరప. 14: మిరియం సగానికి తగ్గింది, కాలిన చెక్క. 22: తీపి లేని కోకో, అంగిలి మీద పొడిపొడిగా. 31: తోలు, ముక్కు గుండా వదిలితే లవంగం, కొత్తది. ఘాటు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది, నుదుట చెమట. 40: కాఫీ డికాక్షన్ చేదు, వెనుక బెల్లపు తీపి."

ఇందులో 31వ నిమిషం గీత చూడండి: రుచి ఒక వాక్యంలో ఉంది, ఘాటు మరో వాక్యంలో ఉంది. రెండూ కలిసి రాయకపోవడమే అలవాటు చేసుకోవలసింది. సరైన మాట దొరకనప్పుడు ముందు పెద్ద గుంపును పట్టుకోండి: చెక్కా, మట్టా, మసాలా దినుసా, పండా, గింజా? గుంపు తేలాక లోపలి పేరు వెతకడం సులువు. పేరు దొరకకపోతే గుంపు పేరుతోనే ఆపేయండి. లేని అంజూరాన్ని ఊహించి రాయడం కన్నా 'ఏదో ఎండు పండు' అని రాయడం నిజాయతీగా ఉంటుంది.

పొగ బరువును కూడా ఇక్కడే తూచాలి. వదిలాక నాలుక మీద నూనె పూతలా మిగిలితే నిండుదనం ఎక్కువ, నోరు ఎండిపోయినట్టుంటే వగరు ఎక్కువ. మంచినీళ్లు ఒక గుక్క తాగాక రుచి ఎంతసేపు నిలిచిందో క్షణాలు లెక్కపెట్టండి.

నుసి గురించి అనవసరమైన గౌరవం చాలామందిలో ఉంది. తెల్లటి నుసి నాణ్యతకు రుజువు కాదు. దాని రంగు మట్టిలోని మెగ్నీషియం వంటి ఖనిజాల మీద ఆధారపడుతుంది. పొడవాటి ఆకులతో బిగువుగా చుట్టిన సిగార్ నుసి అంగుళం దాకా రాలకుండా నిలుస్తుంది, అది చుట్టిన తీరుకు గుర్తు. అంతవరకే. పందెం కట్టినట్టు దాన్ని ఇంకా పొడుగ్గా పెంచితే ఒడిలో పడుతుంది. మంట ఒక పక్కకు పోతే వెనుకబడిన వైపు లైటర్‌తో సరిచేయవచ్చు. ఒకసారి సరిచేస్తే మార్కు తగ్గించను, మూడుసార్లు సరిచేయాల్సి వస్తే తగ్గిస్తాను. మధ్యలో ఆరిపోతే నుసి దులిపి, లోపల నిలిచిన పొగను బయటికి ఊది, మళ్లీ అంటించాలి.

చివరి భాగం: ఎప్పుడు ఆపాలి

పొగ ఇంతసేపూ దాటివచ్చిన ఆకులో తేమ, తారు, నికోటిన్ పేరుకుంటాయి కాబట్టి చివరి భాగం సహజంగానే చిక్కగా, ఘాటుగా ఉంటుంది. పైగా నికోటిన్ దమ్ము వెంటే తలకెక్కదు. కొన్ని నిమిషాలు వెనుకబడి వస్తుంది. ఇప్పుడు హాయిగా ఉందని వేగం పెంచినవారు పది నిమిషాల తరవాత బాధపడతారు. అందుకే ఈ భాగంలో విరామాన్ని ఇంకా పెంచాలి, లాలాజలం మింగకుండా జాగ్రత్తపడాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు పొగను లాగకుండా సిగార్ గుండా వెలుపలికి మెల్లగా ఊదితే లోపల పేరుకున్న చేదు కొంత తగ్గుతుంది.

మంచి ఘాటు సిగార్ ఇక్కడ కూడా రెండో రుచి ఒకటి చూపిస్తుంది. కాల్చిన గింజల రుచో, నల్ల కాఫీ రుచో చేదు పక్కన నిలబడి ఉంటుంది. చేదు తప్ప ఏమీ లేకుండా ఐదు దమ్ములు గడిస్తే ఆపేయండి. రెండు అంగుళాలు మిగిలినా ఫరవాలేదు, వేళ్లు కాలేదాకా కాల్చడం విలువ కట్టడంలో భాగం కాదు. నలిపి ఆర్పితే దుర్వాసన గదినిండా పరుచుకుంటుంది. గిన్నెలో అలా వదిలేస్తే తనంతట తానే ఆరుతుంది.

చెమటలు పట్టడం, కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం మొదలైతే సిగార్‌ను ఆ క్షణమే పక్కన పెట్టి, మంచిగాలి తగిలేచోట కూర్చుని నీళ్లు తాగాలి. ఏదైనా తీపి తింటే తేరుకుంటామని కాల్చేవారు చెప్పుకుంటారు. నాకైతే కాస్త పనిచేసింది. వాంతులు ఆగకపోయినా, గుండెదడ తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. 'ఇంకొంచెమే కదా మిగిలింది' అనుకోవడం అప్పుడు పనికిరాదు.

మార్కులు వేయడం

సిగార్ ఆరిన పావుగంట తరవాత మార్కులు వేయండి, ఎందుకంటే నోట్లో మిగిలే రుచి, ఒంటికి తెలిసే ఘాటు అప్పటికే పూర్తిగా తేలుతాయి. నేను 100ను ఇలా పంచుతాను: కనబడే తీరుకు, చుట్టిన పనితనానికి 10, పొగ లాగడానికి, మంటకు 20, రుచికి 30, మూడు భాగాల్లో వచ్చిన మార్పుకు 15, ఘాటుకూ రుచికీ మధ్య పొత్తుకు 25. చివరి పాతిక ఈ కోవ సిగార్ల కోసమే పెట్టుకున్నది. దానికి మార్కు వేసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇదే సిగార్‌లో నికోటిన్ సగమే ఉంటే ఈ రుచులు నాకు నచ్చేవా? నచ్చేవి అయితే 20 పైన, ఘాటు ఒక్కటే నన్ను మెప్పించిందనిపిస్తే 12కు దిగువన. ఘాటు ఎంతన్నదానికి విడిగా ఏ మార్కూ లేదు. దాన్ని పక్కన ఐదు మెట్ల కొలతతో కేవలం సమాచారంగా రాస్తాను, ఎందుకంటే ఒకరికి కోరుకున్నంత ఘాటు మరొకరికి భరించలేనిది.

రెండో సిగార్‌ను కనీసం వారం ఆగి, వీలైతే వేరే పూట, పేరున్న కాగితపు పట్టీ లేకుండా కాల్చండి. పట్టీని ముందే లాగితే జిగురు అంటుకున్న చోట పైపొర చిరగవచ్చు, కాబట్టి ఇంకొకరి చేత జాగ్రత్తగా తీయించి, రెండు మూడు వేర్వేరు సిగార్ల నడుమ కలిపి పెట్టించుకుని, ఏదో తెలియకుండా ఒకటి అందుకోవాలి. మొదటిసారి రాసిన గీతలను అప్పటిదాకా తెరవకూడదు. రెండు మార్కుల మధ్య తేడా ఐదు లోపు ఉంటే సగటు తీసి ఖాయం చేస్తాను. అంతకు మించితే సిగార్లలోనే నిలకడ లేదో, నా నోటికే నిలకడ లేదో తేల్చుకోవడానికి అదే పెట్టెలోంచి మూడోది తీస్తాను.